చదువులో కూడా రెండు గ్లాసులేనా?



చాయ్ హోటల్లో రెండు గ్లాసుల సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊరివాళ్ళకు లోపల బల్ల మీద గాజు గ్లాసు. వాడవాళ్ళకు బయట చూరులో దోపిన సత్తు గ్లాసు. తాగినంక మన గ్లాసు మనమే కడిగి పెట్టాలె. "చాయ్ ఒకటే గదా, గ్లాసు ఏదైతే ఏంది?" అని హోటలువాడు అడిగేవాడు. పైసలు ఇద్దరి దగ్గరా ఒకటే తీసుకునేవాడు. కానీ బయట నిలబడి తాగినోడికి తెలుసు, అది ఒకటే చాయ్ కాదని. మన పెద్దలు ఆ గ్లాసులు పగలగొట్టారు. దెబ్బలు తిన్నారు, కేసులు మోశారు.

ఇప్పుడు మేము మాట్లాడేది చాయ్ గురించి కాదు, డిగ్రీ గురించి. రెగ్యులర్ డిగ్రీ అని ఒకటి, డిస్టెన్స్ డిగ్రీ అని ఒకటి. సిలబస్ ఒకటే అంటారు, విలువ ఒకటే అంటారు. మరి ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు కాగితం చూడగానే "రెగ్యులరా, డిస్టెన్సా?" అని ఎందుకు అడుగుతున్నాడు? రెండూ సమానమేనని యూజీసీ 2013 అక్టోబరులో సర్క్యులర్ ఇచ్చింది. 2022 సెప్టెంబరులో అదే మాట మళ్ళీ చెప్పింది. నిజంగా సమానమైతే ఇన్నిసార్లు చెప్పాల్సిన పనేమిటి? గాజు గ్లాసు శుభ్రమైనదేనని ఎవరూ సర్క్యులర్ ఇవ్వరు. సత్తు గ్లాసుకే ఇస్తారు.

ఈ రెండో గ్లాసు ఎవరి చేతిలో ఉందో మన పల్లెలు తిరిగినవాళ్ళకు తెలుసు. పగలు కాలేజీకి పోగలిగినవాడు పోతాడు. కైకిలికి పోవాల్సిన ఆడపిల్ల, హమాలీ పనికి పోయే పిల్లగాడు, అంగన్‌వాడీ ఆయా, ఆఫీసులో అటెండరు, హోంగార్డు, వీళ్ళకు మిగిలింది దూరవిద్య. ఆ వరసలో మనవాళ్ళు ఎంతమందో పేర్లు చూస్తే చాలు, లెక్కలు అక్కర్లేదు.

తలుపు తెరిచిన మాట నిజమే

ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి దానికి మొదటి వైస్ ఛాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు దానికీ ఆయనే మొదటి వైస్ ఛాన్సలర్. అంటే ఈ విషయంలో దేశానికి దారి చూపింది తెలుగు నేలే.

అప్పటిదాకా డిగ్రీ అంటే ఇంటర్ పాసు కావాలె, కాలేజీ ఉన్న ఊళ్ళో ఉండాలె, పగలంతా ఖాళీగా ఉండాలె. ఈ మూడూ లేనివాళ్ళే మనం. 18 ఏళ్ళు నిండి, ఎంట్రన్సు పరీక్ష పాసైతే చాలు, ఇంటర్ లేకపోయినా చేరొచ్చని ఆ యూనివర్సిటీ తలుపు తీసింది. జీతం ఉండి పశువులు కాసినోడు, ఏడో క్లాసులో పెళ్ళయిన ఆడబిడ్డ ఆ తలుపులోంచి లోపలికి అడుగు పెట్టారు. డిగ్రీ పాఠాలు తెలుగులో, సొంతంగా చదివితే అర్థమయ్యేటట్టు రాయించారు. గ్రూప్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు ఈనాటికీ ఆ పుస్తకాలు వెతుక్కుని చదువుతారు. ఇంటిలో మొదటి డిగ్రీ ఆ యూనివర్సిటీదే అయిన కుటుంబాలు మన వాడల్లో చాలా ఉన్నాయి.

కాబట్టి మేము ఓపెన్ యూనివర్సిటీని మూసెయ్యమని అడగటం లేదు. మూసెయ్యాలని చూసేవాడు మనకు శత్రువే. మేము అడిగేది వేరు. తలుపు తీశారు సరే, లోపల కూర్చోబెట్టారా? లేక గడప దగ్గరే నిలబెట్టి, దోసిలి పట్టమని, ఎత్తునుంచి నీళ్ళు పోస్తున్నారా?

పేరు ఆయనది, పద్ధతి ఎవరిది?

1991 అంబేడ్కర్ శతజయంతి ఏడు. ఆ ఏడే ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఆ ఏడే ఈ యూనివర్సిటీకి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. పేరు పెట్టినందుకు మనకు సంతోషమే. కానీ పేరు పెట్టిన సర్కారు ఆయన పద్ధతి పాటించిందా?

ఆయన పద్ధతి ఏమిటో చూడండి. 1945లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో బొంబాయిలో ఆ సొసైటీ సిద్ధార్థ కాలేజీ తెరిచింది. పగలు ఉద్యోగం చేసుకునే పేద పిల్లలకు కాలేజీ ఎట్లా? పుస్తకాల కట్ట పోస్టులో పంపి, మీ తంటాలు మీరు పడండి అనలేదు ఆయన. పొద్దున్నే క్లాసులు పెట్టించాడు. పిల్లగాడు పాఠం విని, తర్వాత పనికి పోవచ్చు. అంటే కూలివాడి పొద్దును బట్టి కాలేజీ గంటను మార్చాడు. గంట మారింది గానీ గది ఉంది, సారు ఉన్నాడు, పక్క బెంచీలో తోటి విద్యార్థి ఉన్నాడు. ఇదీ అంబేడ్కర్ చూపిన దారి.

ఇంకొకటి. 1927 మార్చి 20న మహద్‌లో ఆయన ఏం చేశాడు? చౌదార్ చెరువు నీళ్ళు కుండల్లో మా వాడకు పంపండని అర్జీ పెట్టుకున్నాడా? జనాన్ని వెంటబెట్టుకుని చెరువు దగ్గరికే నడిచాడు. ఆ రోజు కొట్లాట దాహం గురించి కాదు, అందరితోపాటు ఒకే రేవులో దిగే హక్కు గురించి. ఇప్పుడు మనకు చెబుతున్నదేమిటి? "మీరు కాలేజీకి రానక్కర్లేదు, చదువు మీ గుమ్మంలోకే వస్తది" అని. వినడానికి తియ్యగానే ఉంటుంది. కానీ గుమ్మంలోకి పంపటం, రేవులోకి రాకుండా ఆపటం ఒక్కోసారి ఒకటే అవుతాయి.

ఒక ఆదివారం ఖరీదు

చదువు నిజంగా గుమ్మంలోకి వస్తోందా? అదీ చూద్దాం.

చేరినప్పుడు ఫీజు కట్టించుకుంటారు. పుస్తకాలు పరీక్షకు ముందు వస్తే అదృష్టం. స్టడీ సెంటరు పట్నంలో ఏదో సర్కారు కాలేజీలో ఉంటుంది. క్లాసులు ఆదివారం. ఆ కాలేజీకి అది సెలవు దినం, మన పిల్లగాడికి కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఉపాధి హామీ కూలి మన రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 300 రూపాయలని కేంద్రం ప్రకటించింది. ఆ లెక్కనే వేసుకోండి. 20 ఆదివారాలు క్లాసుకు పోతే 6000 రూపాయల కూలి పోయినట్టు. దాని మీద ఆటో, తిండి. ఈ ఖర్చు ఏ ప్రాస్పెక్టస్‌లోనూ రాయరు.

అంత కూలి పోగొట్టుకుని పోతే అక్కడేం జరుగుతుంది? గదికి తాళం. వాచ్‌మన్ ఉంటే తీస్తాడు, లేకపోతే చెట్టు కింద కూర్చోవాలె. పాఠం చెప్పే సారు ఆ కాలేజీలో వారమంతా పనిచేసి, ఆదివారం గంటకింత అని వచ్చే పార్ట్‌టైం మనిషి. ఆ డబ్బులు ఎప్పుడు చేతికొస్తాయో ఆయనకే తెలియదు. పదిమంది రాకపోతే క్లాసు లేదంటాడు. క్లాసు లేదని తెలిసి వచ్చే వారం పదిమంది కాస్తా నలుగురవుతారు. ఆ తర్వాత రికార్డులో "విద్యార్థులు ఆసక్తి చూపటం లేదు" అని రాసి చేతులు దులుపుకుంటారు. తప్పు మళ్ళీ మనదే!

ఆడపిల్లల సంగతి ఇంకో మెట్టు కింద ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు టికెట్టు లేదు, మంచిదే. కానీ ఆదివారం పొద్దున వంట ఎవరు చెయ్యాలె? బట్టలు ఎవరు ఉతకాలె? చిన్నపిల్లను ఎవరు పట్టాలె? "ఇంట్లనే ఉండి చదువుకోవచ్చు గదా" అనే మాట ఆడమనిషికి చెప్పడం చాలా సులువు. ఇల్లు ఆమెకు చదువుకునే చోటు కాదు, పని చేసే చోటు. ఒక్క గది ఇంట్లో, ఒక్క బల్బు కింద, మొగుడు, అత్త, పిల్లలు, టీవీ మధ్య బి.ఏ. రెండో సంవత్సరం అర్థశాస్త్రం ఏ మూల కూర్చుని చదవాలె? అన్నలారా, ఈ ప్రశ్న సర్కారుకే కాదు, మనకు కూడా.

బి.ఎస్సీ. తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి. ఏడాదికి కొన్ని రోజులు వరసగా ల్యాబుకు పోవాలె, కూలి అన్ని రోజులూ బందు. ఇంగ్లీషు పేపరు ఒకటి ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు వినే చోటే లేని పిల్ల అన్ని పేపర్లూ పాసై ఆ ఒక్కదాంట్లో ఆగిపోతుంది. ఆ ఒక్క పేపరు కోసం ఏళ్ళ తరబడి ఫీజులు కడుతున్నవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. దూరవిద్యలో చేరటం సులువు, బయటపడటం కష్టం. చేరినవాళ్ళ లెక్క పెద్ద అక్షరాలతో చెబుతారు. పట్టా చేతికొచ్చినవాళ్ళ లెక్క, అందులో ఎస్సీలెందరు, ఆడవాళ్ళెందరు అనేది మాత్రం ఊరూరా చదివి వినిపించిన సర్కారును మేము చూడలేదు.

ఎవరి పైసలతో ఎవరి చదువు?

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిబా ఫూలే ఒక మాట పెట్టాడు. రైతుల, కూలీల చెమట పిండి తీసిన పన్నులతో పై కులాల పిల్లలకు పై చదువులు చెప్పిస్తున్నారు, పన్ను కట్టే జనం పిల్లలకు అక్షరం కూడా అందటం లేదు అని నిలదీశాడు. సరిగ్గా 100 ఏళ్ళకు 1982లో మన ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. ఫూలే ప్రశ్నకు జవాబు వచ్చిందా?

మన దేశంలో ఓపెన్ యూనివర్సిటీలు చాలావరకు విద్యార్థులు కట్టే ఫీజుల మీదే నడుస్తున్నాయి. క్యాంపస్ యూనివర్సిటీల దూరవిద్య కేంద్రాలు కూడా అంతే. ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే కరస్పాండెన్స్ చదువు మొదలుపెట్టింది, తర్వాత మిగతావీ పెట్టాయి. సర్కారు గ్రాంట్లు కోసేసిన కొద్దీ ఈ కేంద్రాలు యూనివర్సిటీలకు ఆదాయ మార్గాలయ్యాయి. అంటే క్యాంపస్‌లో అడుగు పెట్టని కూలివాడి ఫీజుతో క్యాంపస్‌కు ఆసరా! ఫూలే చెప్పిన పన్ను పోలేదు, ఫీజు అని పేరు మార్చుకుంది.

మరి ఈ కూలివాడికి సర్కారు ఇచ్చేదెంత? ఎస్సీ పిల్లల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2010లో సవరించినప్పుడు, దూరవిద్య చదివేవాళ్ళకు ఫీజుతో పాటు పుస్తకాలకు ఏడాదికి 1200 రూపాయలు రాసింది. రోజుకు మూడు రూపాయల పైచిల్లర! 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు విద్యా దీవెన పథకం తెచ్చినప్పుడు, కరస్పాండెన్స్, దూరవిద్య పద్ధతిలో చదివేవాళ్ళకు అది వర్తించదని ఉత్తర్వులోనే రాసిపెట్టింది. పట్టా సమానమట, ఫీజు సాయం మాత్రం సమానం కాదట! రెండు గ్లాసులు కాక మరేమిటి ఇది?

మోసాల సంగతి కూడా చెప్పుకోవాలె. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్ళ డిగ్రీలను నిలిపేసి మళ్ళీ పరీక్ష రాయమంది, ఆ తర్వాత చేరినవాళ్ళవి రద్దు చేసింది. అమ్మినవాడు పెద్ద బిల్డింగులోనే ఉన్నాడు. కొన్నవాడు, అప్పు చేసి చదివినవాడు రోడ్డున పడ్డాడు. ఇంట్లో ఇంతకుముందు చదివినవాళ్ళు లేని పిల్లగాడికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో, దేనికి లేదో ఎవరు చెప్పాలె?

రాబోయేది ఇంకా పెద్ద ప్రమాదం

ఇదంతా బయట నిలబడినవాళ్ళ కథ అనుకుంటే పొరపాటు. 2020 జూలైలో కేంద్రం కొత్త విద్యావిధానం ప్రకటించింది. 2035 నాటికి పై చదువుల్లో చేరేవాళ్ళను 50 శాతానికి పెంచుతామని అందులో రాశారు. చాలా బాగుంది. మరి అన్ని కాలేజీలు ఎక్కడ కడతారు? అంతమంది అధ్యాపకులను ఎప్పుడు తీసుకుంటారు? దూరవిద్య, ఆన్‌లైన్ చదువు అందుకు సహజమైన దారి అని అదే కాగితంలో ఉంది. 2021లో యూజీసీ ఇంకో అడుగు వేసి, రెగ్యులర్ కాలేజీలో కూడా ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు స్వయం అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా చదవొచ్చంది.

దీని అర్థం మన జనానికి తేటగా చెప్పాలె. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టు నింపకుండా, దాని బదులు వీడియో పెట్టే వీలు వచ్చింది. ఆ పోస్టు నింపితే అందులో మనకు రిజర్వేషన్ ఉంటుంది. వీడియోకు రోస్టర్ లేదు! మన పిల్లకు సారు పోతాడు, మన సారుకు ఉద్యోగం పోతుంది. ఒకే దెబ్బకు రెండు.

పైగా ఆ వీడియో ఎవరి ఇంట్లో ఆడుతుంది? కేంద్ర సర్కారు సొంత సర్వే ప్రకారమే 2017-18లో ఊళ్ళలో 100 ఇళ్ళకు కంప్యూటర్ ఉన్నవి నాలుగు. ఇంటర్నెట్ ఉన్నవి 15. తర్వాత ఫోన్లు పెరిగాయి, కాదనం. కానీ 2020లో కరోనా వచ్చి బడులు మూసినప్పుడు ఏం జరిగిందో బడిపంతుళ్ళుగా మేము చూశాం. ఇంటికి ఒకటే ఫోను, అదీ తండ్రి జేబులో పనికి పోతుంది. రాత్రి వచ్చినంక ముగ్గురు పిల్లలకు ఒక గంట. అందులో మొదటి వంతు కొడుకుది, చివరి వంతు బిడ్డది. ఫోనులో వచ్చే చదువు కూడా కులాన్ని, లింగాన్ని చూసుకునే ఇంట్లోకి వస్తుంది.

"అంబేడ్కర్ వీధి దీపం కింద చదవలేదా?"

మనల్ని నోరు మూయించడానికి ఈ మాట వాడతారు. అట్లా అనే పెద్దమనుషులకు మా జవాబు: అంబేడ్కర్ తెలివీ కష్టమూ ఆయనవే. కానీ 1913లో ఆయన కొలంబియా యూనివర్సిటీకి పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకు 11.50 పౌండ్లు. అక్కడ జాన్ డ్యూయీ, సెలిగ్మన్ వంటి గురువుల ఎదుట కూర్చుని విన్నాడు. పెద్ద లైబ్రరీ ఆయన చేతికి అందింది. డబ్బు, గురువు, గ్రంథాలయం, ఈ మూడూ దొరికితే అంటరాని పిల్లవాడు ఏం కాగలడో ఆయన చూపించాడు. మీరు ఆయన కష్టాన్ని మాకు పాఠంగా చెబుతూ, ఆయనకు దొరికిన ఆ మూడింటినీ దాచిపెడుతున్నారు.

ఇంకో మాట మనవాళ్ళలోనే కొందరంటారు. "క్యాంపస్‌కు పోతే అవమానాలు. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. అంతకంటే ఇంటి దగ్గర చదువే నయం" అని. ఆ భయం మాకు తెలుసు, బిడ్డను పంపే తల్లి గుండె మాకు తెలుసు. కానీ బావి దగ్గర కొడుతున్నారని మనం వేరే బావి తవ్వుకుంటే గెలిచిందెవరు? అవమానానికి మందు దూరం జరగటం కాదు, ఎక్కువ మందిమి కలిసి పోవటం.

ఏం అడుగుదాం, ఏం చేద్దాం?

సర్కారును మనం అడగాల్సినవి ఇవి:

1. ప్రతి మండలంలో స్టడీ సెంటరు కావాలె. ఒక గది, లైబ్రరీ, కరెంటు, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, పూర్తికాలం పనిచేసే ఒక అధ్యాపకుడు ఉండాలె.

2. సిద్ధార్థ కాలేజీ పద్ధతిలో, పనిచేసేవాళ్ళ వేళలను బట్టి సర్కారు డిగ్రీ కాలేజీల్లోనే పొద్దున, సాయంత్రం క్లాసులు పెట్టాలె.

3. రెగ్యులర్ విద్యార్థికి ఇచ్చే ఫీజు సాయం, స్కాలర్‌షిప్ దూరవిద్య విద్యార్థికీ ఇవ్వాలె. క్లాసులకు, ప్రాక్టికల్స్‌కు వచ్చిన రోజులకు కూలి నష్టం కట్టివ్వాలె.

4. క్లాసులు మొదలయ్యే నాటికి పుస్తకాలు చేతిలో ఉండాలె. ఆలస్యమైతే ఆ ఏడు ఫీజు వాపసు ఇవ్వాలె.

5. చేరినవాళ్ళెందరు, పాసైనవాళ్ళెందరు, మధ్యలో మానినవాళ్ళెందరు, కులాలవారీగా, ఆడామగా లెక్క ప్రతి ఏటా సెంటరు గోడ మీద అంటించాలె.

6. ఖాళీ అధ్యాపక పోస్టులు రిజర్వేషన్ రోస్టర్‌తో నింపాలె. వీడియో సారుకు తోడుగా ఉండాలె గానీ సారుకు బదులు కాకూడదు.

ఇవి వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. సంఘం కార్యకర్తలారా! మీ ఊళ్ళో దూరవిద్యలో ఉన్నవాళ్ళ పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. మధ్యలో ఆగిపోయినవాళ్ళ పేర్లు ముందు రాయండి. అంబేడ్కర్ భవనం ఏప్రిల్ 14న తెరిచి మళ్ళీ ఏడాదిదాకా తాళం వేసే గది కాకూడదు. రాత్రి రెండు గంటలు అక్కడ లైటు వెలగాలె. ఊళ్ళో డిగ్రీ అయినవాళ్ళు వంతులవారీగా కూర్చోవాలె. ఇంగ్లీషు పేపరు ఒక్కటే మిగిలినవాళ్ళకు విడిగా చెప్పాలె. ఆదివారం క్లాసుకు ఒక్కరుగా కాదు, పదిమందిగా పోండి, తాళం తీయించండి. క్లాసు జరగకపోతే తేదీ రాసి సంతకాలు పెట్టండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. ఈ ఏడు ఎన్ని క్లాసులు జరిగాయి, ఎంత ఖర్చయింది అని అర్జీ పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలె. దారిద్ర్య రేఖకు దిగువ ఉన్నవాళ్ళకు ఆ అర్జీకి ఫీజు లేదు. ఇక అక్కచెల్లెళ్ళు క్లాసుకు పోయే ఆదివారం ఇంట్లో పొయ్యి మొగవాళ్ళు ముట్టించండి. దానికి ఏ సర్కారు ఉత్తర్వూ అక్కర్లేదు.

చాయ్ గ్లాసు పగలగొట్టిన చేతులు మనవి. ఈ రెండో గ్లాసు కాగితంతో చేసింది. మీద సీలు ఉంటుంది, కింద అంబేడ్కర్ పేరు ఉంటుంది, అందుకే మనకు చెయ్యి రావటం లేదు. గ్లాసును పగలగొట్టమంటున్నాం గానీ చదువును కాదు. ఆ పేరు మీద నడిచే యూనివర్సిటీని ఆ పేరుకు తగినట్టు నడిపించుకోవటం మన బాధ్యత.

దూరం తగ్గించే చదువు కావాలె!
దూరం పెట్టే చదువు వద్దు!

జై భీం!